పంట ఛాయాచిత్రాల అమరిక, సవరణలకు ల్యాప్‌టాప్ ఎంపిక: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత విస్తరణ అవసరాల దృష్ట్యా

పత్తి కాయ దశకు చేరిన తరువాత ఆకు ఎర్రబడటం విస్తరణ శాస్త్రవేత్తలకు కొత్త సమస్య కాదు. ఆకు అంచుల నుండి పసుపు రంగుకు తిరిగి, పిదప ఇటుక ఎరుపుకు మారి, క్రిందికి ముడుచుకొని ఎండిపోతే అది పచ్చదోమ ఆశించిన లక్షణం. అడుగున ఉన్న ముదురు ఆకులలో ఈనెలు పచ్చగానే నిలిచి, వాటి మధ్య భాగం ఊదా కలిసిన ఎరుపుకు మారితే అది మెగ్నీషియం లోపం. మొదటిదానికి పురుగుమందు అవసరం కావచ్చు. రెండవదానికి లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు కలిపి పిచికారి చేస్తే సరిపోతుంది. పొలంలో నిలబడి ఆకును త్రిప్పి చూసినవారికి ఈ భేదం సులువుగానే తెలుస్తుంది. కాని నేడు ఆకు శాస్త్రవేత్త చేతికి రావడం తగ్గి, ఆకు చిత్రం రావడం పెరిగింది. రైతు లేదా గ్రామ స్థాయి సిబ్బంది ఫోనులో తీసి పంపిన చిత్రాన్ని శాస్త్రవేత్త తన కార్యాలయంలోని ల్యాప్‌టాప్ తెరపై చూసి సలహా ఇస్తున్నాడు. ఆ తెర ఊదా ఎరుపునూ ఇటుక ఎరుపునూ ఒకే విధంగా చూపితే, అవసరం లేని పురుగుమందు ఖర్చు రైతుపై పడుతుంది. నిజమైన లోపం అలాగే మిగిలిపోతుంది.

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో ఈ విషయానికి ప్రాధాన్యం మరింత ఎక్కువ. నల్లరేగడి నేలల్లో పత్తి, ఎర్రనేలల్లో వేరుశనగ, ఆముదం, కంది, తుంగభద్ర దిగువ కాలువ క్రింద వరి, మిరప, బావుల క్రింద ఉల్లి: ఇన్ని పంటలు, ఇన్ని నేలలు పక్కపక్కనే ఉన్న ప్రాంతమిది. ఆదోని వ్యవసాయ పరిశోధనా స్థానం, ఎమ్మిగనూరు సమీపంలోని బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం ఈ పంటలకు సాంకేతిక సలహాలు అందిస్తున్నాయి. సున్నపు పాలు అధికంగా ఉన్న నేలల్లో వేరుశనగకు ఇనుపధాతు లోపం వస్తే లేత ఆకులు ముందుగా పాలిపోతాయి. నత్రజని లోపమైతే ముదురు ఆకులు ముందుగా పసుపెక్కుతాయి. ఒకదానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు; మరొకదానికి యూరియా. తిక్క ఆకుమచ్చలో సైతం ముందుగా వచ్చే మచ్చ చుట్టూ కనిపించే పసుపు వలయమే దానిని ఆలస్యంగా వచ్చే నల్లమచ్చ నుండి వేరు చేసే ఒక ముఖ్య గుర్తు. ఇవన్నీ రంగును ఆధారం చేసుకొన్న నిర్ణయాలు. కనుక పంట చిత్రాలను చూసే ల్యాప్‌టాప్‌ను టైపు యంత్రంగా కాక, సూక్ష్మదర్శిని వంటి రోగ నిర్ధారణ సాధనంగా పరిగణించి ఎంపిక చేయవలసి ఉంటుంది.

తెర: మొదట పరిశీలించవలసిన భాగం

ల్యాప్‌టాప్ కొనుగోలులో సాధారణంగా ప్రాసెసరు పేరు మొదట, మెమరీ తరువాత, తెర చివర చర్చకు వస్తాయి. ఛాయాచిత్రాల పనికి ఈ వరుస తలక్రిందులు కావాలి. ప్రాసెసరు కొంత మందకొడిగా ఉంటే పని ఆలస్యమవుతుంది, అంతే. తెర సరిగా లేకపోతే పని తప్పుగా జరుగుతుంది, పైగా తప్పు జరిగినట్లు ఎవరికీ తెలియదు.

ఫోన్లు, కెమెరాలు తీసే సాధారణ చిత్రాలు ఎక్కువగా ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రామాణిక వర్ణ పరిధిలో నమోదవుతాయి. హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1996లో దీనిని రూపొందించగా, 1999లో ఇది అంతర్జాతీయ ప్రమాణమైంది. తెర ఈ పరిధిని ఎంత శాతం చూపగలదన్నదే అసలు ప్రశ్న. తక్కువ ధర ల్యాప్‌టాప్‌ల వివరణ పత్రాలలో తరచుగా “45 శాతం ఎన్‌టీఎస్‌సీ” అని కనిపిస్తుంది. ఎన్‌టీఎస్‌సీ అనేది పాత టెలివిజన్ల కాలపు కొలత. ఆ 45 శాతం ఎస్‌ఆర్‌జీబీలో సుమారు 60 నుండి 65 శాతానికి సమానం. అంటే చిత్రంలో నమోదైన రంగులలో మూడో వంతుకు పైగా ఆ తెర చూపలేదు. గాఢమైన ఎరుపులు వెలిసి, నారింజ వైపుకు జరుగుతాయి. ముదురు ఆకుపచ్చకు లేత ఆకుపచ్చకు మధ్య దూరం తగ్గుతుంది. పత్తి ఆకు విషయంలో మనకు కావలసిన భేదం సరిగ్గా అక్కడే ఉన్నది. “72 శాతం ఎన్‌టీఎస్‌సీ” అని గాని, “100 శాతం ఎస్‌ఆర్‌జీబీ” అని గాని వ్రాసి ఉన్న తెరలు ఈ పనికి తగినవి. ఈ రెండూ దాదాపు సమానమైనవే.

వరిలో నత్రజని అవసరాన్ని అంచనా వేయడానికి ఆకు రంగుల పట్టికను, నేల రంగును గుర్తించడానికి మన్సెల్ పట్టికను శాస్త్రవేత్తలు వాడుతున్నారు. ఎండకు వెలిసిపోయిన పట్టికతో పరిశీలన చేయడానికి ఏ పరిశోధకుడూ అంగీకరించడు. వెలిసిన తెరపై వచ్చిన నిర్ణయాన్ని మాత్రం ప్రశ్నించే అలవాటు ఇంకా ఏర్పడలేదు.

వర్ణ పరిధి తరువాత చూడవలసింది తెర రకం. ఐపీఎస్ తెరను ఏ కోణం నుండి చూసినా రంగు దాదాపు మారదు. పాత టీఎన్ తెరలపై తల కొంచెం ఎత్తినా దించినా ఆకు రంగు మారినట్లు కనిపిస్తుంది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని చూస్తే ఇద్దరికీ వేరు వేరు రంగులు కనిపిస్తాయి. శిక్షణ కార్యక్రమాలలో నలుగురైదుగురు రైతులు ఒకే తెర చుట్టూ చేరతారు కనుక ఈ లోపం చిన్నది కాదు. ఓఎల్ఈడీ తెరలు రంగులను చక్కగా చూపుతాయి. అయితే చాలా వాటిలో రంగులను అతిగా చూపే అమరిక ముందే ఉంటుంది కాబట్టి, వాటిని ఎస్‌ఆర్‌జీబీ అమరికకు మార్చుకొని వాడాలి. కాంతి కనీసం 300 నిట్లు ఉండటం, మెరుపు లేని మసక ఉపరితలం ఉండటం మంచిది. ఎంత కాంతి ఉన్నా మధ్యాహ్నపు ఎండలో ఏ తెరపైనా రంగును నిర్ణయించడం సాధ్యం కాదు. చెట్టు నీడ కూడా ఆకుపచ్చ ఛాయను కలుపుతుంది. రంగుపై తుది నిర్ణయం గదిలోనే తీసుకోవాలి.

తెర సాంద్రత మరొక అంశం. 12 మెగాపిక్సెల్ చిత్రాన్ని పూర్తి పరిమాణంలో తెరిస్తే 1920 x 1080 బిందువుల తెరపై ఒక్కసారికి దానిలో ఆరో వంతు మాత్రమే కనిపిస్తుంది. 1366 x 768 తెరపై కనిపించేది పదకొండో వంతు. మిరప పూతలో ఒక మిల్లీమీటరు పొడవున్న తామర పురుగును వెదకవలసిన వారికి ఈ లెక్క ముఖ్యం. పూర్తి హెచ్‌డీ తెర కనీస అవసరం, అంతకు మించినది లభిస్తే మేలు.

మంచి తెర కొన్నంత మాత్రాన పని పూర్తికాదు. విండోస్‌లో రాత్రి వేళ తెరను పసుపు రంగుకు మార్చే సదుపాయం ఒకటి ఉన్నది. అది ఆన్‌లో ఉండగా చూస్తే ఆరోగ్యవంతమైన పంట కూడా నత్రజని లోపంతో ఉన్నట్లు కనిపిస్తుంది. రంగు పరిశీలనకు ముందు దానిని ఆపివేయాలి. తెర రంగులను సరిదిద్దే కొలమాన పరికరాన్ని ప్రతి శాస్త్రవేత్తా కొననవసరం లేదు. కేంద్రానికి ఒకటి ఉంటే, నెలకొకసారి అన్ని ల్యాప్‌టాప్‌లను దానితో సరిచూడవచ్చు.

కొనుగోలు పత్రంలో వ్రాయవలసినవి

ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల కొనుగోళ్ళు అధికంగా 2016లో ప్రారంభమైన ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్, వాడుకలో జెమ్, ద్వారా జరుగుతున్నాయి. అందులో సూచించిన లక్షణాలను తీర్చిన వాటిలో తక్కువ ధరకు ఇచ్చినవారికి ఆర్డరు దక్కుతుంది. ఈ పద్ధతిలో తప్పేమీ లేదు. కాని వ్రాయని లక్షణం రాదు. “15.6 అంగుళాల పూర్తి హెచ్‌డీ తెర” అని మాత్రమే వ్రాస్తే వచ్చేది చాలావరకు 45 శాతం తెరే. సరఫరాదారును నిందించడానికి అప్పుడు వీలుండదు. కనుక ఐపీఎస్ లేదా సమానమైన తెర, కనీసం 95 శాతం ఎస్‌ఆర్‌జీబీ, 300 నిట్లు, మెరుపు లేని ఉపరితలం అన్న నాలుగు మాటలు పత్రంలో తప్పక ఉండాలి. బ్రాండు పేరు వ్రాయడం కన్నా ఇది నియమబద్ధమూ, ప్రయోజనకరమూ. ప్రాసెసరుకు పెట్టే డబ్బులో కొంత తగ్గించి తెరకు మళ్ళించమని కొనుగోలు సంఘాన్ని ఒప్పించడం కొంత కష్టమైన పనే. పచ్చదోమ, మెగ్నీషియం లోపాల చిత్రాలను రెండు రకాల తెరలపై పక్కపక్కన చూపితే ఆ చర్చ త్వరగా ముగుస్తుంది.

వారంటీ విషయంలో “ఆన్‌సైట్” అన్న పదం ఉన్నంత మాత్రాన సరిపోదు. అది ఆదోని, ఎమ్మిగనూరు పిన్‌కోడ్‌లకు వర్తిస్తుందా, లేక యంత్రాన్ని కర్నూలుకో హైదరాబాదుకో తీసుకొనిపోవాలా అన్నది ముందే వ్రాతపూర్వకంగా తెలుసుకోవాలి. పంట కాలం మధ్యలో మూడు వారాలు యంత్రం లేకుండా ఉండటం ఏ కేంద్రానికీ సులభం కాదు. సొంత ధనంతో పాత ల్యాప్‌టాప్ కొనే విద్యార్థులు మరొక విషయం గమనించాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు అర్హత లేని యంత్రం చౌకగా దొరికినా, దానిలో లినక్స్ వేసుకొనే ఉద్దేశం ఉంటే తప్ప కొనకపోవడం మంచిది.

నిల్వ, మెమరీ, ప్రాసెసరు

నిల్వ అవసరాన్ని ఊహించడం కన్నా లెక్కించడం మేలు. ఏడాదికి 100 క్షేత్ర సందర్శనలు, ఒక్కొక్కదానిలో 150 చిత్రాలు అనుకొంటే 15,000 చిత్రాలవుతాయి. ఫోను చిత్రం ఒక్కొక్కటి 4 ఎంబీ చొప్పున 60 జీబీ. అదే 24 మెగాపిక్సెల్ కెమెరాతో రా రూపంలో తీస్తే, ఒక్కొక్కటి 25 ఎంబీ చొప్పున 375 జీబీ. ఫోనుతో సరిపెట్టుకొనే విస్తరణ శాస్త్రవేత్తకు 512 జీబీ ఎస్ఎస్‌డీ రెండు మూడేళ్ళు చాలుతుంది. కెమెరాతో పనిచేసే వారికి 1 టీబీ అవసరం, పాత సంవత్సరాల చిత్రాలకు బయటి డిస్కు ఎలాగూ తప్పదు. ఆ డిస్కును యూఎస్‌బీ 2.0 ద్వారా నింపితే 60 జీబీకి సుమారు అరగంట పడుతుంది, 3.0 ద్వారా వేగవంతమైన ఎస్ఎస్‌డీకి అయితే మూడు నిమిషాలు కూడా పట్టకపోవచ్చు. సమయం ఎక్కువ పట్టే పనిని మనిషి వాయిదా వేస్తాడు. ప్రతి కాపీ వాయిదా పడుతున్నదంటే చిత్రాలు పోయే రోజు దగ్గరపడుతున్నట్లే.

మెమరీ 16 జీబీ ఉండాలి. 24 మెగాపిక్సెల్ చిత్రాన్ని 16 బిట్ల రూపంలో తెరిస్తే ఒక్క పొరకే 144 ఎంబీ కావాలి. నాలుగైదు పొరలు, వెనుకకు వెళ్ళే చరిత్ర, పక్కన బ్రౌజరు, వర్డ్ ఉంటే 8 జీబీ వెంటనే నిండుతుంది. సన్నని ల్యాప్‌టాప్‌లలో మెమరీని మదర్‌బోర్డుకే అతికించి ఇస్తారు, తరువాత పెంచడానికి వీలుండదు. 8 జీబీతో కొని పిదప పెంచుకోవాలనుకొనేవారు ఖాళీ స్లాటు ఉన్నదో లేదో ముందుగా నిర్ధారించుకోవాలి.

ప్రాసెసరు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఇంటెల్ కోర్ ఐ5 లేదా ఏఎండీ రైజెన్ 5 స్థాయి, గత రెండు మూడేళ్ళ తరానికి చెందినదైతే చాలు. ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు ఈ పనికి తప్పనిసరి కాదు. డ్రోన్ చిత్రాలను కుట్టి పొలం పటం తయారుచేయడం మాత్రం వేరే పని. దానికి 32 జీబీ లేదా అంతకు మించిన మెమరీ, శక్తివంతమైన గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఆ పనిని ల్యాప్‌టాప్‌పై రుద్దక, కేంద్రంలోని డెస్క్‌టాప్‌కు వదలడం ఆర్థికంగానూ సాంకేతికంగానూ సమంజసం. కెమెరా వాడేవారు ఎస్‌డీ కార్డు స్లాటు ఉన్నదో లేదో చూసుకోవాలి. ఇటీవలి నమూనాలలో చాలా వాటికి అది ఉండటం లేదు.

ఎండ, దుమ్ము, దూది

తయారీదారులు ల్యాప్‌టాప్‌ల వాడకానికి సాధారణంగా 35 డిగ్రీల సెల్సియస్ వరకు ఉష్ణోగ్రతను సూచిస్తారు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. తలుపులు మూసి ఎండలో నిలిపిన జీపులో అది మరెంతో అధికం. లిథియం బ్యాటరీ ఆయుష్షును తగ్గించేది ముఖ్యంగా వేడే. పొలానికి వెళ్ళేటప్పుడు యంత్రాన్ని వాహనంలో వదలకుండా వెంట తీసుకొనిపోవాలి, లేదా కార్యాలయంలోనే ఉంచి కార్డును మాత్రం తీసుకొనిపోవాలి. రెండవదే మేలు. పత్తి జిన్నింగు మిల్లులు, మార్కెట్ యార్డు పరిసరాలలో గాలిలో తేలే దూది నలుసులు ఫ్యాను రెక్కలలో, గాలి దారులలో చిక్కుకొని యంత్రాన్ని వేడెక్కిస్తాయి. వేడెక్కిన ప్రాసెసరు తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. “కొత్తలో బాగా పనిచేసేది, ఇప్పుడు నెమ్మదించింది” అనే ఫిర్యాదుకు మూలం ఎన్నోసార్లు ఇదే. పత్తి కొనుగోళ్ళ కాలం ముగిసిన తరువాత ఏటా ఒకసారి వెనుక మూత విప్పించి శుభ్రం చేయిస్తే యంత్రం ఆయుష్షు పెరుగుతుంది.

చిత్రం వచ్చే దారి, నిలిచే చోటు

చిత్రం ల్యాప్‌టాప్‌కు చేరే లోపే చెడిపోతే మంచి తెర చేయగలిగింది లేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన చిత్రం కుదించబడుతుంది. తీసిన తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు అందులోనుండి తొలగిపోతాయి. అదే చిత్రాన్ని “డాక్యుమెంటు”గా పంపితే ఇవన్నీ యథాతథంగా వస్తాయి. రైతు సేవా కేంద్రాల సిబ్బందికి ఇచ్చే శిక్షణలో ఈ ఒక్క విషయాన్ని చేర్చినా రోగ నిర్ధారణ నాణ్యత మెరుగుపడుతుంది. పంటను అందంగా చూపడానికి ఫోను తానే పచ్చదనాన్ని పెంచే అమరికను కూడా ఆపివేయమని వారికి చెప్పాలి. ఆకు పక్కన ఒక బూడిద రంగు కార్డును, అది లేకపోతే తెల్ల కాగితాన్ని, ఒక చిన్న స్కేలును ఉంచి తీస్తే తరువాత రంగునూ పరిమాణాన్నీ సరిచూసుకోవచ్చు.

చిత్రాలను అమర్చడానికి డిజికామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విస్తరణ అవసరాలకు పూర్తిగా సరిపోతుంది. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిపైనా పనిచేస్తుంది. చిత్రానికి గుర్తింపు పదాలను జోడించడం, పటంపై స్థానాన్ని చూడటం, తేదీల వారీగా వెదకడం అందులో సులభం. అడోబీ లైట్‌రూమ్ మరింత సౌకర్యవంతమైనదే గాని దానికి చందా కట్టాలి. ఆచరణలో సాఫ్ట్‌వేర్ పేరు కన్నా క్రమశిక్షణ ముఖ్యం. ఫైలు పేరులో సంవత్సరం, నెల, తేదీ మొదట రావాలి. 20240918 అని మొదలైన పేర్లు ఎక్కడ పెట్టినా కాలక్రమంలోనే నిలుస్తాయి. ఆపైన మండలం, పంట, క్రమసంఖ్య చాలును. సమస్య పేరును ఫైలు పేరులో కాక గుర్తింపు పదాలలో ఉంచాలి, ఎందుకంటే తొలి నిర్ధారణ తరువాత మారవచ్చు. గుర్తింపు పదాలలో శాస్త్రీయ నామంతో పాటు స్థానికంగా రైతులు వాడే పేరును తెలుగులోనే చేర్చాలి. పదేళ్ళ తరువాత వచ్చే పరిశోధకుడికి ఆ పేర్లు కూడా సమాచారమే.

నకళ్ళ విషయంలో ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన మూడు-రెండు-ఒకటి సూత్రం ఆచరణీయం: మూడు నకళ్ళు, రెండు వేర్వేరు మాధ్యమాలు, వాటిలో ఒకటి వేరే ఊరిలో. ఆదోనిలో ఒక డిస్కు, ఎమ్మిగనూరులో మరొకటి ఉంచి నెలకొకసారి మార్చుకొంటే అంతర్జాలం నెమ్మదిగా ఉన్నచోట కూడా ఈ సూత్రం నెరవేరుతుంది.

సవరణకు హద్దు

పెండ్లి చిత్రం సవరించడానికి, ప్రయోగ క్షేత్ర చిత్రం సవరించడానికి తేడా ఉన్నది. చిత్రమంతటికీ ఒకే విధంగా కాంతిని, తెలుపు సమతౌల్యాన్ని సరిచేయడం, అంచులు కత్తిరించడం సమ్మతమే. ఆకుపై ఉన్న ఒక మచ్చను చెరపడం, ఒక మడిలోని పచ్చదనాన్ని మాత్రమే పెంచడం సమ్మతం కాదు. అది ఫలితాన్ని మార్చడమే అవుతుంది. 2004లో జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో మైక్ రాస్నర్, కెన్నెత్ యమాడా ప్రకటించిన వ్యాసం ఈ హద్దులను స్పష్టంగా చర్చించింది. అనేక పరిశోధనా పత్రికలు నేడు ఇటువంటి నియమాలనే పాటిస్తున్నాయి. రా చిత్రాలను డార్క్‌టేబుల్, రాథెరపీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లలో సవరిస్తే మూల చిత్రం చెక్కుచెదరదు, సవరణలు పక్కన వేరే ఫైలులో నమోదవుతాయి. సమీక్షకులు అడిగినప్పుడు ఏమి చేశారో చూపవచ్చు. ఆకు విస్తీర్ణాన్ని, మచ్చల శాతాన్ని కొలిచే విద్యార్థులు ఇమేజ్‌జేను వాడుతున్నారు. కొలతలు ఎప్పుడూ మూల చిత్రంపైనే చేయాలి, అలంకరించిన నకలుపై కాదు. అచ్చుకు 300 డీపీఐ చొప్పున ఆరు అంగుళాల వెడల్పు కావాలంటే 1800 బిందువులు ఉండాలి. వాట్సాప్‌లో కుదించిన చిత్రాలు పత్రికలకు పనికిరాకపోవడానికి ఇదొక కారణం.

యంత్రం చేతికి వచ్చిన రోజునే తెర నమూనా సంఖ్యను, వర్ణ పరిధిని కొనుగోలు పత్రంతో పోల్చి చూడాలి. వెనుక భాగంలో బీఐఎస్ నమోదు గుర్తును, వారంటీ ప్రారంభ తేదీని సరిచూసి స్టాకు రిజిస్టరులో వ్రాయాలి. చిత్రాల డిస్కులను కూడా అదే రిజిస్టరులో చేర్చాలి. ల్యాప్‌టాప్‌ను అప్పగించి బదిలీపై వెళ్ళే శాస్త్రవేత్త చిత్రాలను మాత్రం తన ఫోనులోనే తీసుకొనిపోవడం సాధారణంగా జరుగుతున్నది. డిస్కుకు రిజిస్టరు సంఖ్య ఉంటే, బాధ్యతలు అప్పగించే రోజున అది కూడా లెక్కలోకి వస్తుంది.